విప్పని పెట్టె

తుక్కు కొట్టుకు వెళ్ళి కొత్త వస్తువు తెచ్చానంటే మీరు నవ్వుతారు. మా ఇంట్లోనూ నవ్వారు. "పాత సామాను వదిలించుకు రమ్మని కాలేజీ వాళ్ళు పంపిస్తే, మీరు ఇంకొకటి ఇంటికి తెచ్చారా?" అన్నది మా ఆవిడ, వీధి గుమ్మంలో అట్టపెట్టెను చూసి. ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేదు. తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి ముప్పయి ఏళ్ళ నాటి కంప్యూటరు తెరతో పనేమిటి? కాని ఆ పెట్టె మీద అంటించిన చీటీ చదివిన తరవాత ఆమె కూడా నవ్వు మానింది. ఆ చీటీ సంగతి చెప్పడానికే ఈ నాలుగు మాటలూ.

మొదటి నుంచీ చెబుతాను.

మా కాలేజీలో పనికిరాని కంప్యూటర్లు, ప్రింటర్లు, తెగిపోయిన వైర్లు ఒక గది నిండా పేరుకుపోయినవి. వెనకటి రోజుల్లో అయితే వీధిలో కేకేసుకుంటూ పోయే పాత సామాన్లవాణ్ణి పిలిచి, వచ్చిన నాలుగు రాళ్ళూ పుచ్చుకుని చేతులు దులుపుకునేవారు. ఇప్పుడు అట్లా వీలులేదు. ఎలక్ట్రానిక్ చెత్తకు మన దేశంలో ప్రత్యేకంగా నిబంధనలు వున్నవి. మొదటిసారి 2011లో ప్రకటించి 2012 మే 1 నుంచి అమలు చేశారు. 2016లో వాటిని మార్చారు. 2022లో మళ్ళీ కొత్తవి వచ్చి, 2023 ఏప్రిల్ 1 నుంచి నడుస్తున్నవి. ఇటువంటి సామానును పేరు నమోదు చేసుకున్న వారికే అప్పగించాలి, రసీదు పుచ్చుకోవాలి.

అందుకని ఒక కమిటీ వేశారు. కమిటీలో సైన్సు లెక్చరర్లు ఇద్దరు, తెలుగు వాణ్ణి నేను. జాబితా తెలుగులో కూడా రాయాలి గనక నన్ను వేశామన్నారు. అసలు కారణం, ఆ రోజు నాకు క్లాసులు లేకపోవడం.

కాటా మీద కాలేజీ

విజయవాడ శివార్లలో పెద్ద రేకుల షెడ్డు అది. యజమాని ఒకప్పుడు పాత ఇనుము కొని అమ్మినవాడు. ఇప్పుడు లైసెన్సు పుచ్చుకుని, గోడకు దాన్ని అద్దం కట్టించి తగిలించుకుని, ఈ వ్యాపారం చేస్తున్నాడు. షెడ్డులో ఒక మూల వైర్లు, ఒక మూల పచ్చని పలకలు, ఒక మూల ప్లాస్టికు తొడుగులు, వెనక పక్కన గోడ వారగా పాత టీవీల, కంప్యూటర్ల పిక్చరు ట్యూబులు. సంతలో కూరగాయల కుప్పల్లాగా దేనికది వేరుగా వున్నది. మా కాలేజీ సామాను లారీ దిగి కాటా ఎక్కుతూ వుంటే, పాతికేళ్ళ చదువూ కిలోల లెక్కన పోతున్నదే అనిపించింది.

నేను వూరికే వుండలేక ట్యూబుల వైపు నడిచాను. "మాస్టారూ, వాటి జోలికి వెళ్ళకండి," అని యజమాని అక్కడి నుంచే కేకవేశాడు.

పిక్చరు ట్యూబు అంటే గాలి తీసేసిన గాజు బుడ్డి. దాని మెడలో నుంచి ఎలక్ట్రాన్ల ధార బయలుదేరి, ముందు గాజుకు లోపలి పక్క పూసిన పొడి మీద పడుతుంది. పడిన చోట పొడి వెలుగుతుంది. మెడ చుట్టూ వుండే రాగి తీగల చుట్ట ఆ ధారను అటూ ఇటూ, పైకీ కిందికీ తిప్పుతూ, తెర అంతటా వెలుగుతో గీతలు గీయిస్తుంది. జర్మనీలో కార్ల్ ఫెర్డినాండ్ బ్రౌన్ అనే భౌతిక శాస్త్రజ్ఞుడు 1897లో ఇటువంటి నాళాన్ని మొదట తయారు చేశాడు. ఆ తరవాత దశాబ్దాల పాటు లోకం అంతా ఆ గాజు బుడ్డిలోనే బొమ్మలు చూసింది.

లోపల గాలి లేదు గనక, అజాగ్రత్తగా పగలగొడితే గాజు లోపలికి కుప్పకూలి ముక్కలు ఎగిరి వస్తవి. అంతకంటే పెద్ద చిక్కు సీసం. ధార పరుగెత్తడానికి వేల వోల్టుల విద్యుత్తు కావాలి. ఆ వేగానికి ఎక్స్ కిరణాలు పుడతవి. అవి చూసేవారి మీదికి రాకుండా గాజులో సీసం కలిపేవారు. రంగుల ట్యూబుకు వెనక వుండే గరాటు వంటి భాగంలో సుమారు అయిదోవంతు సీసపు ఆక్సైడే. మెడ దగ్గర వున్న గుప్పెడు రాగి కోసం రోడ్డు పక్కన వీటిని సుత్తితో కొట్టేవారు ఆ దుమ్మును పీలుస్తారు. మిగిలిన గాజును కాలవ గట్టున పోస్తారు. ఆ నీళ్ళు మనం తాగుతాము.

"పూర్వం ఈ గాజు కరిగించి మళ్ళీ ట్యూబులే చేసేవాళ్ళండీ. ఇప్పుడు ట్యూబులు కావలసిందెవరికి? రాగికి బేరమున్నది, పలకలకు బేరమున్నది, దీనికే లేదు," అన్నాడు యజమాని. మొదట మెడ దగ్గర చిన్న బెజ్జం చేసి గాలిని మెల్లిగా లోపలికి పోనిస్తారట. తరవాత ముందు గాజునూ వెనక గాజునూ వేరుగా కోసి, లోపలి పొడిని పీల్చి తీస్తారట.

ఇట్లా మాట్లాడుకుంటూ వుండగానే లారీ మీద నుంచి కుర్రవాడొకడు పిలిచాడు. "సార్, ఇది విప్పలేదు సార్. కొత్తది."

రెండు అట్టపెట్టెలు, పురికొసతో ఒకటిగా కట్టినవి. పెద్దదాని మీద పద్నాలుగు అంగుళాల మోనిటరు బొమ్మ, చిన్నదాని మీద జిస్ట్ అనే పేరు. అంటించిన టేపు పసుపు రంగుకు తిరిగింది గాని ఎక్కడా తెగలేదు. పెద్ద పెట్టె మీద అంటించిన తెల్ల చీటీలో నీలి సిరాతో ఒక వాక్యం: "తెలుగు శాఖాధిపతి గారికి అందజేయవలెను."

ఇప్పుడు తెలుగు శాఖ నాదే. కాని ఆ పెట్టె వచ్చినది నాకు కాదు. ఆ సిరా నాకంటే ముందు ఆ కుర్చీలో కూర్చున్న మా మాస్టారి నాటిది.

గడిలో పట్టని అక్షరం

ఆ చిన్న పెట్టె విలువ తెలియాలంటే, ఆ రోజుల్లో కంప్యూటరు తెర మీద అక్షరం ఎట్లా వచ్చేదో కాస్త చెప్పుకోవాలి.

1981లో ఐబిఎం కంపెనీ తన మొదటి పర్సనల్ కంప్యూటరును విడుదల చేసింది. దానికి అమ్మిన ఆకుపచ్చ తెర మీద వరసకు 80 అక్షరాలు, అటువంటివి 25 వరసలు. అంటే మొత్తం 2,000 గళ్ళు. చదరంగపు బల్ల మీద లాగా ఒక్కొక్క గడిలో ఒక్కటే అక్షరం. గడికి అడ్డంగా 9 చుక్కలు, నిలువునా 14 చుక్కలు. మన ఆడవాళ్ళు చుక్కలు పెట్టి ముగ్గు కలిపినట్టు, కొన్ని చుక్కలు వెలిగితే అది ఒక అక్షరం. ఏ అక్షరానికి ఏ చుక్కలు వెలగాలో ఒక చిన్న చిప్పులో ముందే రాసి పెట్టి వుండేది. అందులో 256 గుర్తులకే చోటు.

ఇంగ్లీషుకు అది కావలసిన దానికన్నా ఎక్కువే. పెద్దబడి అక్షరాలు 26, చిన్నబడి 26, అంకెలు పది, మిగతావి కామాలూ చుక్కలూ. మరి మనకో? అచ్చులు, హల్లులు, ఒక్కొక్క హల్లుకు గుణింతం, వాటికి వత్తులు, వత్తుల మీద వత్తులు. గుడులు పైకి పోతవి, వత్తులు కిందికి దిగుతవి, క్రావడి ఎడమ పక్క నుంచి చుట్టుకు వస్తుంది. "స్త్రీ" అనే ఒక్క అక్షరాన్ని తొమ్మిది చుక్కల వెడల్పు గడిలో ఇరికించమంటే, ఏనుగును ఎలకబోనులో కూర్చోబెట్టమన్నట్టే.

ఈ చిక్కు విప్పడానికి 1980 దశకంలో కాన్పూరు ఐఐటీలో పని మొదలయింది. అక్కడ రూపం దిద్దుకున్న పద్ధతికే జిస్ట్ అని పేరు. 1988లో పుణెలో సి-డాక్ సంస్థ ఏర్పడిన తరవాత ఆ పని అక్కడ సాగింది. కంప్యూటరు మూత విప్పి, లోపల ఖాళీగా వున్న గాడిలో ఈ కార్డును గుచ్చడమే. అంతవరకు ఇంగ్లీషు తప్ప ఎరగని వర్డ్‌స్టార్, డీబేస్ వంటి ప్రోగ్రాములు తెలుగులో, కన్నడంలో, తమిళంలో, హిందీలో కూడా పలకడం మొదలుపెట్టేవి.

అందులో వున్న కిటుకు మన వ్యాకరణానికి చాలా దగ్గరది. కంప్యూటరు దాచుకునేది అక్షరం ఆకారాన్ని కాదు, ధ్వనిని. "లక్ష్మి" అనే మాటను తీసుకోండి. ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. ఏడు సంకేతాలు. వాటిని కలిపి "క్ష్మి" అనే ముద్ద చేసి తెర మీద బొమ్మ గీయడం కార్డు వంతు. ఆ సంకేతాలను వర్ణమాల క్రమంలోనే అమర్చారు. దేశంలోని చాలా లిపులకు వర్ణమాల ఇంచుమించు ఒక్కటే గనక, తెలుగులో కొట్టిన మాటను ఒక మీట నొక్కి కన్నడ లిపిలో చూడవచ్చు, మరొకటి నొక్కి దేవనాగరిలో చూడవచ్చు. ఈ సంకేతాల పట్టికను 1991లో భారతీయ ప్రమాణాల సంస్థ ప్రమాణంగా స్వీకరించింది. దాని పేరు ఇస్కీ. అదే సంవత్సరం అక్టోబరులో లోకంలోని లిపులన్నిటికీ కలిపి యూనికోడ్ మొదటి కూర్పు వచ్చింది. అందులో తెలుగుకు 128 స్థానాలు కేటాయించారు. వాటి అమరిక కూడా ఇస్కీ బాటలో నడిచినదే. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో, ఏ కార్డూ గుచ్చకుండానే తెలుగు చూపించే వీలు మామూలు కంప్యూటరుకు చేరింది. నేడు మీరు సెల్‌ఫోనులో మనమడికి "శుభాకాంక్షలు" పంపిస్తున్నారంటే, దాని వెనక ఆ పాత కార్డు కష్టం కొంత వున్నది.

వర్ణమాల క్రమం అన్నాను చూశారూ, మా మాస్టారికి కావలసినది సరిగ్గా అదే.

బూట్ల పెట్టెల్లో మాటలు

డిగ్రీలో నాకు తెలుగు చెప్పినది ఆయనే. 1999లో ఆయన రిటైరయినప్పుడు వెళ్ళిపోయిన చివరి విద్యార్థుల్లో నేనొకణ్ణి. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారు వ్యవసాయ పదాలతో కూర్చిన మాండలిక వృత్తి పదకోశం 1962లో అచ్చయింది. అది చదివినప్పటి నుంచి మాస్టారికి ఒకటే ధ్యాస. మా జిల్లాలో చేపలు పట్టేవారి మాటలు, నేతగాళ్ళ మాటలు, పెడనలో కలంకారీ అద్దేవారి మాటలు ఏరి తేవాలి. సెలవు వస్తే చాలు, సైకిలు మీద ఏదో ఒక వూరు పోయేవారు. మగ్గం గుంట పక్కన చతికిలబడి, ఈ కొయ్య ముక్కను ఏమంటారు, ఈ దారాన్ని ఏమంటారు అని అడిగి, ఒక్కొక్క మాటనూ ఒక్కొక్క అట్టముక్క మీద రాసుకునేవారు. ఆ అట్టముక్కలు బూట్ల పెట్టెల్లో. లెక్కకు ఏడు వేల పైచిలుకు.

మాటలు ఏరడం కంటే వాటిని అకారాదిలో పేర్చడం కష్టం. కొత్తగా పది మాటలు వచ్చినప్పుడల్లా పెట్టెలన్నీ దించాలి, చోటు చూడాలి, దూర్చాలి. ఒక్కసారి చెయ్యి జారిందా, వారం రోజుల పని నేలపాలు. "ఏమోయ్, 'క్ష' ఎక్కడ పెట్టాలి? చివరనా, 'క' తోనా?" అని మమ్మల్ని క్లాసులో అడిగేవారు. మేము పరీక్ష ప్రశ్న అనుకునేవాళ్ళం. అది ఆయన నిన్న రాత్రి పడిన బాధ అని తెలియదు.

తెలుగు ఎరిగిన కంప్యూటరు ఒకటి వచ్చిందని ఎక్కడో విని, తన శాఖకు కావాలని ఆయన 1992లో దరఖాస్తు పెట్టుకున్నారట. రాలేదు. రిటైరయిన తరవాత కూడా చేత్తోనే పేరుస్తూ కూర్చున్నారు. "ప" దగ్గరికి వచ్చేసరికి చూపు సహకరించక ఆగిపోయినారు. ఇదంతా నాకు తెలిసిన కథే. తెలియనిది ఒక్కటే. ఆయన అడిగినది వచ్చింది.

స్టాకు రిజిస్టరు

పెట్టెను వెంటనే తేలేదు. జాబితా ప్రకారం అది తుక్కు, తుక్కు మీద మాకు హక్కు లేదు. కాలేజీకి తిరిగి వచ్చి పాత స్టాకు రిజిస్టరు తీయించాను. చెదలు తిన్న అంచులు పోగా, మధ్య భాగం బాగానే వున్నది.

1993 మార్చి ఆఖరి వారంలో మూడు పద్దులు. కంప్యూటరు ఒకటి, మోనిటరు ఒకటి, భారతీయ భాషల కార్డు ఒకటి. సంవత్సరాంతంలో మిగిలిన నిధులతో కొన్నారన్నమాట. కంప్యూటరు పద్దుకు ఎదురుగా ఎర్ర సిరాతో "ఆఫీసుకు బదిలీ" అని వున్నది. జీతాల బిల్లులు కట్టడానికి పట్టుకుపోయి వుంటారు. అక్కడ వేరే మోనిటరు వున్నట్టున్నది. కంప్యూటరు లేకుండా తెర ఎందుకు, కార్డు ఎందుకు అని మిగిలిన రెండూ స్టోరు గది అటక ఎక్కినవి. ఎవరూ దొంగిలించలేదు, ఎవరూ దాచలేదు. అందజేయవలెను అని చీటీ రాసిన గుమాస్తా బదిలీ అయి వుంటాడు. అంతే.

ఆ పద్దుకు పక్కన ఏటేటా తనిఖీ గళ్ళు. "సరిచూడబడినది, బాగున్నది" అని ఏడాదికొక పొట్టి సంతకం. ముప్పయి ఏళ్ళ సంతకాలు వరసగా చీమల బారులాగా వున్నవి. చివరి గడిలో, ఈ ఏడాది, "నిరుపయోగము, తొలగించవచ్చును" అని. ఒక్కసారైనా విప్పని వస్తువు ఎట్లా నిరుపయోగమయిందో ఆ పరమాత్ముడికే తెలియాలి.

నవ్వుకుంటూనే సంతకాలు చదువుతున్నాను. 2014వ సంవత్సరం గడి దగ్గర నా నవ్వు ఆగిపోయింది. ఆ ఏడాది స్టాకు తనిఖీ అధికారిని నేనే. సంతకం నాది. ఆ స్టోరు గది గుమ్మం కూడా తొక్కకుండా, ఆఫీసులో కుర్చీలో కూర్చుని, పేజీలు తిప్పి పెట్టిన సంతకం అది. ఆ రోజు నిచ్చెన వేసుకుని అటక ఎక్కి వుంటే, మాస్టారికి అప్పటికి ఇంకా కొంత చూపు వున్నది.

ప్రిన్సిపాలుగారు మంచివారు. పొరపాటున జాబితాలో చేరింది, తిరిగి ఇప్పించవలసినదని ఉత్తరం రాసి ఇచ్చారు. షెడ్డు యజమాని ఆ రెండు పెట్టెలనూ విడిగా కాటా వేసి, తొమ్మిది కిలోలు మా లెక్కలో నుంచి తీసేశాడు. డబ్బిస్తానంటే పుచ్చుకోలేదు. "మీ వస్తువు మీకిస్తే డబ్బెందుకు మాస్టారూ?" అన్నాడు.

విప్పాలా, వద్దా?

ఇక్కడ మా ఫిజిక్సు మిత్రుడు అడ్డు పుల్ల వేశాడు. విప్పని పెట్టెకు వున్న విలువ విప్పిన పెట్టెకు వుండదట. పాత కంప్యూటర్లు సేకరించేవారు దేశదేశాల్లో వున్నారు. టేపు తెగని పెట్టె కనిపిస్తే కళ్ళకద్దుకుంటారు.

అతను చెప్పిన ముచ్చట్లు వినదగినవే. 2015లో అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రంలోని మిల్పిటాస్‌లో, ఒక స్త్రీ తన భర్త పోయిన తరవాత గ్యారేజీలోని పాత పెట్టెలను కారులో వేసుకుని తుక్కు కేంద్రానికి తెచ్చి, పేరు కూడా చెప్పకుండా దించి వెళ్ళిపోయింది. కొన్ని వారాల తరవాత విప్పి చూస్తే, అందులో ఒకటి 1976 నాటి ఆపిల్-1. అటువంటివి మొత్తం సుమారు రెండు వందలే తయారయినవి. దాన్ని ఆ కేంద్రం వారు రెండు లక్షల డాలర్లకు అమ్మారు. అందులో సగం ఆమెకు ఇవ్వాలని, ఆమె ఎవరో తెలియక పత్రికలవారి ద్వారా వెతికించారు. మరొకటి, నాబు అనే కెనడా కంపెనీవారు 1980 దశకం మొదట్లో టీవీ కేబుళ్ళ ద్వారా పనిచేసే కంప్యూటర్లు చేశారు. వ్యాపారం సాగలేదు. వాటిలో రెండు వేలకు పైగా, పెట్టెలు పెట్టెలుగా, అమెరికాలోని మసాచుసెట్స్‌లో ఒక ధాన్యపు కొట్టంలో దశాబ్దాల పాటు పడి వుండి, 2022లో అమ్మకానికి బయటపడినవి. కొన్నవారు వాటి కోసం ప్రోగ్రాములు రాసి మళ్ళీ బతికించారు.

"కాబట్టి విప్పకు. దాచు," అన్నాడు మిత్రుడు.

నాకు మాత్రం డబ్బు సంగతి కాదు, వేరే గుంజాటన. ఎనభై నాలుగేళ్ళ ఆయన దగ్గరికి వెళ్ళి, మీరు అడిగినది వచ్చింది, మీ తల మీద అటకలోనే వున్నది అని ఇప్పుడు చెప్పడం ఎందుకు? పోయిన కాలం తిరిగి రాదు. వూరికే మనసు కష్టపెట్టడమే గదా. రెండు రోజులు పెట్టె మా ముందుగదిలోనే వున్నది. మూడో రోజు మా ఆవిడ, "ఆయన వస్తువు వచ్చిన సంగతి ఆయనకు చెప్పకుండా మనం ఎట్లా వుంచుకుంటామండీ?" అన్నది. అన్ని ఆలోచనలూ అక్కడ తెగిపోయినవి.

మాస్టారి ఇంట్లో

ఆదివారం ఆటోలో పెట్టెలు వేసుకుని వెళ్ళాను. మాస్టారు వరండాలో పడక కుర్చీలో వున్నారు. "ఎవరోయ్?" అన్నారు. గొంతు విని గుర్తు పట్టారు. అమ్మగారు కాఫీ ఇచ్చారు. పెట్టెను ఆయన చేతులకు అందేట్టు బల్ల మీద పెట్టి, భూతద్దం ఇచ్చాను. చీటీ మీద ఒక్కొక్క అక్షరమే చదివారు.

"ఎప్పుడు వచ్చిందట?"

"93 మార్చిలో మాస్టారూ."

"నేను 99లో కదా రిటైరయినది."

అంతకంటే ఏమీ అనలేదు. వేళ్ళ మీద లెక్క పెడుతున్నారని తెలుస్తూనే వున్నది. కాసేపటికి, "ప్రిన్సిపాలు గది ముందు నాలుగు మాట్లు నిలబడ్డానోయ్. ఇంకా రాలేదన్నారు. అబద్ధం చెప్పారని అనుకోను. వాళ్ళకూ తెలిసి వుండదు," అన్నారు.

నా కడుపులో మాట ఆగలేదు. "రిజిస్టరులో నా సంతకం కూడా వున్నది మాస్టారూ. 2014లో."

"చూడకుండానే పెట్టావా?"

"చూడకుండానే పెట్టాను."

ఆయన నా వైపు తిరిగారు. చూపు ఆనకపోయినా ఆ చూపు క్లాసులో చూసినదే. "సరే. ఇప్పుడు చూడు. విప్పు," అన్నారు. అమ్మగారు వంటింట్లో నుంచి కూరల కత్తి తెచ్చి ఇచ్చారు. మిత్రుడి సలహా గుర్తుకు వచ్చింది గాని, ఆ పెట్టెకు హక్కుదారు ఎవరో నాకప్పుడు సందేహం లేదు.

లోపల పాలితీను సంచీ, తెల్లని థర్మోకోలు, కొత్త ప్లాస్టికు వాసన. మోనిటరు మీద దుమ్ము లేదు. కార్డు మీద గీత లేదు. దానితో పాటు తెలుగు మీటలు చూపించే పటమొకటి, ప్రోగ్రాము వున్న ఫ్లాపీ ఒకటి. ఆ ఫ్లాపీని వెలుతురుకు పెట్టి చూస్తే, లోపలి నల్లని బిళ్ళ మీద తెల్లగా బూజు. మన కోస్తా గాలి టేపు అంటించి వున్నదని ఆగుతుందా? మూత పెట్టినంత మాత్రాన భద్రం కాదని అప్పుడు బోధపడింది.

తరవాతి ఆదివారం ఆయనను కాలేజీకి తీసుకు వచ్చాము. ముప్పయి ఏళ్ళు పడుకున్న మోనిటరుకు ఒక్కసారిగా 230 వోల్టులు ఇస్తే లోపలి కెపాసిటర్లు పేలవచ్చునని, ఫిజిక్సు ల్యాబు అటెండరు డిమ్మర్‌స్టాట్ పెట్టి, కొంచెం కొంచెంగా విద్యుత్తు ఎక్కించాడు. దానికి తగిన పాత కంప్యూటరును షెడ్డు యజమానే వెతికి పంపించాడు. గంట పట్టింది. కీచుమని సన్నని చప్పుడు. తెర మధ్య ఆకుపచ్చని పొగ వంటి వెలుగు. మెల్లిగా అది తేరుకుని, పై మూలన ఒక ఇంగ్లీషు అక్షరం, పక్కన రెప్పలార్చే గీత.

"ఏమి కనిపిస్తున్నది?" అన్నారు మాస్టారు.

"సి అనే అక్షరం మాస్టారూ."

"ఇంగ్లీషే వచ్చిందన్నమాట ముందు. మనది ఇంకా రాలేదు," అని ఫక్కున నవ్వారు. కార్డును ఇంకా పలికించలేకపోయినాము. దాని ప్రోగ్రాము మంచి ప్రతి ఎక్కడైనా దొరుకుతుందేమోనని వెతుకుతున్నాము.

కాని మాటలు దాని కోసం ఆగనక్కరలేదు గదా. బూట్ల పెట్టెలు ఇప్పుడు మా శాఖలో వున్నవి. బి.ఏ. పిల్లలు ఆరుగురు రోజుకొక గంట కూర్చుని అట్టముక్కలను ఎక్కిస్తున్నారు. మోనిటరు అదే గదిలో మూల బల్ల మీద వున్నది, ఆ చీటీతో సహా. ఈ ఏడాది స్టాకు తనిఖీకి వచ్చిన యువ లెక్చరరు గుమ్మంలో నుంచే సంతకం పెట్టబోతే, లోపలికి పిలిచి ఆ చీటీ చదివించాను. మీ ఆఫీసుల్లో, బడుల్లో, ఇళ్ళల్లో అటకల మీద ఇటువంటి పెట్టెలు ఎన్ని వున్నవో! తుక్కుకు వేసేముందు ఒకసారి విప్పి, ఎవరికి వచ్చినవో చూడండి.

మొన్న నేత మాటలు నాలుగు వందలు ఎక్కించడం పూర్తయింది. మాస్టారు వచ్చి కూర్చున్నారు. అమ్మాయి ఒక మీట నొక్కింది. రెప్పపాటులో అన్నీ అకారాదిలో నిలబడినవి. ఆమె పైకి చదువుతూ వుంటే ఆయన కళ్ళు మూసుకుని వింటున్నారు. ఆసు, కండె, నాడె. మధ్య మధ్య, "అది పెడన పక్కన వాళ్ళ మాట," అనీ, "ఆ మాట చెప్పిన ముసలాయన పోయినాడు," అనీ అంటున్నారు. అమ్మాయి "పడుగు" అని చదివింది. అది ఆయన చేత్తో పేర్చిన ఆఖరి అట్టముక్క. ఆయన కళ్ళు తెరిచారు.

"ఆ తరవాత?" అన్నారు.

"పేక, తాతగారూ," అన్నది అమ్మాయి.